మిద్దె మీది లీకులు

ఆ మాట సుకన్య రాసింది కాదు, ఫోనుకు చెప్పింది. రెండు చేతులకూ మట్టి. అందుకని ఫోనును పిట్టగోడ మీద పెట్టి, మట్టి అంటని చిటికెన వేలితో మైకు గుర్తు నొక్కి, పక్కింటి వాళ్లతో మాట్లాడినట్టే మాట్లాడింది. "మన మిద్దె మీద లీక్స్ ఈసారి మంచిగొచ్చినయి. జనవరి దాక ఆగుండ్రి. అందరికి పంచుత." ఫోను ఆ మాటల్ని అక్షరాలుగా మార్చింది. ఆమె చదవకుండానే అపార్ట్‌మెంటు గ్రూపులోకి పంపేసింది.

చదువుకున్నా దిద్దాల్సినదేమీ ఆమెకు కనబడేది కాదు. తను అన్నదే అక్కడ ఉంది.

బుధవారం ఆమెకు సెలవు. మిగతా రోజుల్లో ప్యారడైజ్ దగ్గర మెట్రో ఎక్కి బేగంపేటలోని ఒక హోటలుకు వెళ్తుంది. అక్కడి స్టోర్ రూములో కూరగాయలు దించుకునే పని ఆమెది. సెలవు రోజు పొద్దంతా రాంగోపాల్‌పేటలోని ఈ మూడంతస్తుల మిద్దె మీదే గడుస్తుంది. నిలువునా కోసిన నీలం డ్రమ్ములు నాలుగు, ఇటుకల మీద వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. వాటిలో లీకులు. దూరం నుంచి చూస్తే ఉల్లికాడల్లా ఉంటాయి గానీ, దగ్గరికి వస్తే ఆకు గొట్టంలా ఉండదు. మడత విప్పిన విసనకర్రలా రెండు పక్కలకీ విచ్చుకుంటుంది. కింద గడ్డ ఊరదు. కాడే బొటనవేలంత, ఇంకా ఓపిక పడితే మణికట్టంత లావెక్కుతుంది. ఆ లావు రావడానికి చలి కావాలి, చీకటి కావాలి.

చీకటి ఇవ్వడమే ఆమె ఇప్పుడు చేస్తున్న పని. మొదట్లో చీపురు కర్రతో జానెడు లోతు బొక్కలు పొడిచి, దారప్పోగుల్లాంటి నారును ఒక్కొక్కటిగా వాటిలోకి జారవిడిచింది. మట్టి కప్పలేదు. నీళ్లు మాత్రం పోసింది, మట్టి తన ఇష్టమొచ్చినప్పుడు దిగుతుందని. ఇప్పుడు కాడ పెరిగిన కొద్దీ చుట్టూ మట్టి ఎగదోస్తోంది. ఆకుల మడతలోకి రేణువు జారితే కాడ లోపల ఇసుక చేరుతుంది. అందుకే ఎడమ చేత్తో ఆకుల్ని జడలా పట్టుకుని, కుడి చేతి వేళ్లతో మట్టిని మెల్లగా దగ్గరికి లాగుతోంది.

ఎండలో కుర్చీ వేసుకుని కూర్చున్న అత్త కమలాబాయి ఇదంతా చూస్తోంది.

"ఇంకెన్నడు కప్పుడు అయిపోతదే? పెండ్లిపిల్ల లెక్క ఎండ తగలనీయవు దానికి."

"ఎండ తగిలితె కాడ పచ్చగైతది అత్తమ్మా. గట్టిగైతది. నీ పండ్లకు నడవది."

"నా నోట్ల పండ్లెన్నున్నయో మిద్దె మీదికెళ్లి జెప్పు, బన్సీలాల్‌పేట దాక ఇనబడని." కమలాబాయి కొంగు సర్దుకుంది. "మోండా మార్కెట్ల ఉల్లికాడలు కట్టలు కట్టలు దొర్కుతయి. నువ్వు వినాయక చవితికి ఇత్తనం పెడితివి, ఇంక ఇయ్యాల్టి దాక చెయ్యి పెట్టనీయవు."

"ఇవి ఉల్లికాడలు కావు. లీకులు."

"పేరు సుత మంచిది దొర్కలే దానికి," అంది కమలాబాయి.

సాయంత్రం తలుపు చప్పుడైంది. విష్ణువర్ధన్ వచ్చాడు. మొదటి అంతస్తులో సొంత ఫ్లాటు, సంఘానికి సెక్రటరీ. వెనక ఎదురింటి రామభద్రరావు ఉన్నాడు. ఆ మూడో అంతస్తులో ఉన్నవి రెండే ఇళ్లు. ఒకటి రామభద్రరావు సొంతం, రెండోది సుకన్య కిరాయికి ఉంటున్నది.

"మీ ఓపెన్‌నెస్ నాకు నచ్చింది మేడమ్," అన్నాడు విష్ణువర్ధన్. "ఇలా ముందుకొచ్చి ఎవరూ ఒప్పుకోరు."

"ఏం ఒప్పుకున్న సార్?"

"టెర్రస్ మీద లీక్స్ ఉన్నాయని మీరే పెట్టారుగా గ్రూపులో. జనవరి దాకా ఆగమన్నారు. ఆగడం కష్టం మేడమ్. సార్ వాళ్ల పూజగదిలో స్లాబు కారుతోంది."

"అందరికీ పంచుతానని కూడా రాసింది," అన్నాడు రామభద్రరావు ముఖం ముడుచుకుని. "మా ఒక్కరికి కారితే చాలదన్నట్టు."

సుకన్య నవ్వింది. ఆ నవ్వే కొంప ముంచింది. ధనుర్మాసం తెల్లవారుజామున దేవుడి పటం మీద చుక్క పడుతుంటే గిన్నె పెట్టుకుని పూజ చేసుకుంటున్న మనిషి ముందు నవ్వకూడదు. నవ్వు ఆపుకుని ఆమె వంటింట్లోకి పోయి, చోటు చాలక పొద్దున పీకిన సన్నకాడ ఒకటి తెచ్చి చూపించింది.

"లీకు అంటె ఇది సార్. కూరగాయ. మా హోటల్ల ఇదే పేరు."

విష్ణువర్ధన్ కాడను అటూ ఇటూ తిప్పాడు, వాసన కూడా చూశాడు. "ఓ, ఈ లీకా. సూప్‌లో వేస్తారు, బావుంటుంది." రామభద్రరావు ఓ అడుగు వెనక్కి వేశాడు. ఈ నెలంతా ఆయన ఇంట్లోకి ఉల్లి వాసన రాకూడదు.

ఇక్కడితో అయిపోవాలి. మాట పొరపాటు, వస్తువు కళ్ల ముందుంది. తప్పు పట్టినవాడు "అయ్యో" అని నవ్వేసి మెట్లు దిగిపోవాలి. విష్ణువర్ధన్ నవ్వాడు గానీ దిగలేదు.

"వీటికి రోజూ నీళ్లు పోస్తారా మేడమ్?"

"రోజు తప్పించి రోజు."

"అదే," అన్నాడు.

ఆ ఒక్క మాటతో విచారణ ముగిసింది.

"మా డ్రమ్ములు మా వంటింటి మీదున్నయి సార్. కారితె మా ఇంట్ల కారాలె. అంకుల్ వాళ్ల పూజ రూము మీద ఉన్నది నీళ్ల ట్యాంకు."

"నీళ్లకు దారులుంటాయి మేడమ్. పోసినచోటే దిగాలని రూలేం లేదు."

"వానలు వెనకపట్టి ఎన్నాళ్లయింది," అందుకున్నాడు రామభద్రరావు. "ఆకాశం నుంచైతే పడట్లేదు. మేడ మీద నీళ్లు పోసేది నువ్వొక్కదానివే."

"ట్యాంకుల ఉన్నయి నీళ్లు కావా అంకుల్?"

రామభద్రరావు ఏదో అనబోయాడు. విష్ణువర్ధన్ ఆయన భుజం మీద చెయ్యి వేసి, "ఆదివారం క్లియర్ చేయించేద్దాం మేడమ్. మనుషుల్ని నేనే పిలిపిస్తాను, మీకు శ్రమ లేకుండా" అన్నాడు. ఆ "శ్రమ లేకుండా" అన్నప్పుడు గొంతు ఎంత మెత్తగా ఉందంటే, థాంక్స్ అనబోయి సుకన్య నాలుక కరుచుకుంది.

ఇంటి ఓనరుకు ఫోను చేసింది. ఆయన బోయినపల్లిలో ఉంటాడు. అప్పటికే ఆయనకు కబురు అందింది. "వాళ్లతోని మనకెందుకమ్మా పరేషాన్. తీసెయ్యి. మల్ల పెట్టుకుందువు," అన్నాడు. మళ్లీ పెట్టుకోవడమంటే ఇంకో వానాకాలం, ఇంకో చలికాలం. చలి ఎవరు పిలిస్తే వస్తుంది?

కమలాబాయికి సంగతి అర్థం కావడానికి కాసేపు పట్టింది. "ఉల్లికాడను జూసి నల్లా పైపు అనుకున్నరా," అంది చివరికి. "సదువుకున్నోళ్లంటివి గదనే."

మర్నాడు మెట్రోలో నిలబడి సుకన్య గ్రూపు తెరిచింది. ఆమె మాట కింద మిగతా ఇళ్లవాళ్లు బొటనవేలి బొమ్మలు పెట్టి ఉన్నారు. "బాధ్యత తీసుకున్నందుకు ధన్యవాదాలు" అని ఒకరు. "కిరాయిదార్లందరూ ఇలా ఉంటే బావుండు" అని ఇంకొకరు. ఆమె ఈసారి మైకు నమ్మకుండా అక్షరం అక్షరం నొక్కి రాసింది: లీక్స్ అంటే కూరగాయ, నీళ్లు కారడం కాదు. నవ్వే బొమ్మలు వరసగా వచ్చాయి. వాటి కింద ఎవరో, "ఏదైతేనేం, రెంటికీ నీళ్లేగా" అని రాశారు. దానికి ఇంకా ఎక్కువ నవ్వులు.

దొంగను పట్టుకుంటే నాలుగు మాటలు అడుగుతారు. ఎక్కడ ఉన్నావు, ఎవరు చూశారు అంటారు. కిరాయిదారుకు ఆ పాటి మర్యాద కూడా అక్కర్లేదనుకున్నారు. వాళ్లు కోపంగా ఉన్నా బావుండేది, తిరిగి అరవడానికి వీలుండేది. అందరూ నవ్వుతూ, ధన్యవాదాలు చెబుతూ ఆమె గొంతు మీద కాలు పెట్టారు.

స్టోరులో ఆ రోజు నీలగిరుల నుంచి లీకుల పెట్టెలు వచ్చాయి. కాగితం చుట్టిన కాడలు, తెల్లగా, నున్నగా. ఒక్కో పెట్టె తూకం మీద పెట్టి దించుతుంటే పక్కన పనిచేసే ఎలీనా నవ్వింది. విత్తనాల పొట్లం ఇచ్చింది ఆ అమ్మాయే.

"ఎట్లున్నయి అక్కా మీవి? క్రిస్మస్‌కు మా మమ్మీ సూప్ చేస్తది. రెండు ఇస్తవా?"

"ఇంక సన్నగున్నయి," అంది సుకన్య, పెట్టె మీద మూత నొక్కుతూ. మిగతాది చెప్పడానికి నోరు రాలేదు. చెబితే ఎలీనా కూడా నవ్వుతుందేమోనని భయం. నవ్వు వచ్చే సంగతే మరి. అందుకే ఇంకా మండింది.

శనివారం డ్యూటీ దిగి నేరుగా విష్ణువర్ధన్ తలుపు తట్టింది. ఆయన లోపలికి రమ్మన్నాడు. ఆమె గడప బయటే నిలబడింది.

"ఒక్క నెల ఆగుండ్రి సార్. అప్పటికి కాడలు లావైతయి. నేనే తీసేస్త."

"డేట్ ఫిక్స్ అయిపోయింది మేడమ్. ఒకరికి ఎక్సెప్షన్ ఇస్తే అందరూ అడుగుతారు."

"మిద్దె మీద ఇంకెవ్వరికి ఏం లేవు గద సార్."

ఆయన చేతిగడియారం చూసుకున్నాడు. సుకన్య కాసేపు తన చేతులకేసి చూసుకుంది. గోళ్ల కింద బుధవారం మట్టి ఇంకా సన్నగా ఉంది.

"సరే. పీకుతె పీకుండ్రి. గ్రూపుల మాత్రం ఒక్క మాట రాయుండ్రి. నేను చెప్పింది కూరగాయ సంగతని, నేనేం ఒప్పుకోలేదని. సెక్రటరీ మీరు. మీరు రాస్తె నమ్ముతరు."

విష్ణువర్ధన్ వెనక్కి తిరిగి చూసి, తలుపు కాస్త దగ్గరికి లాగాడు. గొంతు తగ్గించాడు. మనసు విప్పి మాట్లాడుతున్నాననుకున్నాడు కాబోలు, ముఖంలో స్నేహం కూడా ఉంది.

"అలా రాస్తే మరి ఆ లీకు ఎవరిదవుతుంది మేడమ్? ట్యాంకు అంటారు. ట్యాంకంటే దిమ్మె పగలగొట్టాలి, స్లాబు చూడాలి, ఇంతమంది ఓనర్లు ఒప్పుకోవాలి. పోయిన మీటింగులో ఆ మాటెత్తితేనే లేచి వెళ్లిపోయారు. మీవి నాలుగు కుండీలు. పెద్ద మనసు చేసుకోండి."

సుకన్య మెట్లెక్కుతూ ఆ మాట నెమరేసుకుంటూనే ఉంది. ఆయనకు తెలుసు. మొదటి రోజే తెలుసు. పొరపాటు పడ్డాడని ఇన్ని రోజులూ పొరపాటుపడింది తను. చిన్న ఇళ్లలో ఉండేవాళ్లనే పెద్ద మనసు చేసుకోమంటారు.

"నేనొచ్చి కూసుంట ఆ డ్రమ్ముల నడుమ," అంది కమలాబాయి. "ఎవడు లేపుతడో లేపమను. కూసున్నంక నాకు నేనే లేవరాదు."

"వద్దత్తమ్మా. వాళ్ల చెయ్యి పడనీయ. నేనే తీస్త."

ఆదివారం పొద్దున ఎండ పిట్టగోడ దాటకముందే ఆమె పైకి వెళ్లింది. లీకులకు ఒక గుణం ఉంది. వేళ్లు తెగకుండా తీస్తే, తడి గోనెలో చుట్టి పెడితే, రెండు రోజులైనా ప్రాణం పట్టుకుని ఉంటాయి. చిన్న పారతో పక్క నుంచి లోతుగా గుచ్చి, మట్టి వదులు చేసి, కాడను అడుగున పట్టుకుని లేపింది. తెల్లటి వేళ్లు గుబురుగా వచ్చాయి. మట్టిలో ఉన్నంత మేరా కాడ పాలలా ఉంది. చూపుడు వేలి లావు కూడా రాలేదు. ఒక్కొక్కటీ గోనె మీద పరిచింది.

కాసేపటికి మనుషులు పైకి వచ్చారు. ఇద్దరు కూలీలు, విష్ణువర్ధన్, రామభద్రరావు, కాఫీ గ్లాసులతో ఇంకో ఇద్దరు ఓనర్లు. వాళ్ల వెనక తలకు తువాలు చుట్టుకుని, తడి బట్టల బకెట్టుతో రామభద్రరావు భార్య సుబ్బులు. ఆమె ఎవరినీ పలకరించకుండా తీగ దగ్గరికి పోయి చీర దులిపింది.

"థాంక్యూ మేడమ్, సగం పని మీరే చేసేశారు," అన్నాడు విష్ణువర్ధన్.

కూలీలు మొదటి డ్రమ్ములో మట్టి తోడేసి, చెరో కొసా పట్టుకుని ఇటుకల మీంచి లేపారు. కింద స్లాబు తేలింది. బూడిద రంగు దుమ్ము. ఎండిన వేపాకులు. దుమ్ములో వంకర గీతలా చీమల బారు. కూలీ ఒకడు కాలితో ఇటుకను జరిపితే దుమ్ము లేచి అతనికి తుమ్ము వచ్చింది.

అందరూ చూశారు. కాఫీ తాగుతున్న ఓనరు గ్లాసు నోటి దగ్గరే ఆపాడు.

"రెండోది పట్టండి," అన్నాడు విష్ణువర్ధన్.

సుకన్య లేచి నిలబడింది. అప్పుడు సుబ్బులు చీర తీగ మీద అలాగే వదిలేసి వచ్చింది. డ్రమ్ము లేపినచోట గొంతుక్కూర్చుని అరచెయ్యి ఆనించింది. లేచి, ట్యాంకు దిమ్మె దాకా నడిచింది. అక్కడ మూలన పచ్చగా పాచి పట్టి ఉంది. కాలి బొటనవేలితో తాకి చూసి, తిరిగి వచ్చింది.

"విష్ణుగారూ, ఇవి తీసేస్తే మా దేవుడి మీద చుక్క ఆగుతుందాండీ?"

"స్టెప్ బై స్టెప్ వెళ్దామండి."

"మొదటి మెట్టు ఈ అమ్మాయి నెత్తి మీదే ఎందుకు వేశారు?"

రామభద్రరావు దగ్గాడు. "సుబ్బులూ, నువ్వు కిందికి పద."

"వెళ్తాను. ఇందులో నాకేం సరదా లేదు. పొద్దున్నే లేచి గిన్నెలు పెట్టేది మీరు కాదుగా." గోనె మీద పరిచిన కాడల్ని చూసింది. "అమ్మాయ్, వీటినెక్కడ పెడతావిప్పుడు?"

"తెల్వదు ఆంటీ. మాకు బాల్కనీ లేదు."

"మాకుంది. పట్టు, అటు కొస పట్టు."

"ధనుర్మాసంలో ఉల్లిపాయలు ఇంట్లోకా?" అన్నాడు రామభద్రరావు.

"ఉల్లి కాదటండీ, లీకట. నాలుగు రోజులుగా మీరేగా చెప్తున్నారు, మన ఇంట్లో ఉన్నది ఇదేనని." సుబ్బులు వంగి గోనె కొస ఎత్తింది. మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, భర్త చొక్కా జేబులోంచి ఫోను తీసుకుంది. ఆయన జేబు తడుముకున్నాడు గానీ అడ్డం చెప్పలేదు.

బాల్కనీలో పాతకాలం టబ్బులు రెండు దొరికాయి. సుకన్య పై నుంచి మట్టి తెచ్చి నింపింది. కాడల్ని ఏటవాలుగా, ఒకదాన్నొకటి ఆనుకునేలా పడుకోబెట్టి మెడ దాకా మట్టి కప్పింది. ఇలా ఉంటే చావవు. లావెక్కుతాయని మాత్రం చెప్పలేం. కమలాబాయి ఆ ఇంటి గడపలో నిలబడి, "జెర ఆ పక్క ఇంక కప్పు, తెల్లగ కనబడ్తున్నది" అని పని చెప్పింది. రామభద్రరావు కుర్చీలో కూర్చుని పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. కొంతసేపటికి పేపరు మడిచి, లేచి, వెలుతురుకు అడ్డంగా ఉన్న తులసి కుండీని రెండు చేతులా ఎత్తి పక్కకు జరిపాడు. ఎవరినీ చూడకుండా వెళ్లి మళ్లీ పేపరు తెరిచాడు.

మిగిలిన మట్టి గేటు దాకా దించాలని విష్ణువర్ధన్ చెప్పి వెళ్లాడు. కూలీలు బస్తాలు మోసుకుపోయారు. అడుగూ బొడుగూ ఊడ్చి ఆఖరి తట్ట సుకన్య ఎత్తుకుంది. మెట్లు దిగడం మొదలుపెట్టగానే నడుము దగ్గర ఫోను వణికింది. చేతులు ఖాళీ లేక తీయలేదు.

రెండో అంతస్తుకు వచ్చేసరికి ఒక తలుపు వెనక నుంచి సుబ్బులు గొంతు వినిపించింది. సుకన్య ఆగి వెనక్కి చూసింది. మెట్ల మీద ఎవరూ లేరు.

"అందరికీ నమస్కారమండీ. ఇది మావారి ఫోను, మాట్లాడేది నేను, సుబ్బుల్ని. ఆ అమ్మాయి చెప్పిన లీకు కూరగాయండీ. కుండీల కింద చెయ్యి పెట్టి చూశాను, పొడి. ట్యాంకు దగ్గర చూశాను, పాచి. ఆ అమ్మాయి తోట పీకేశారు. ఇప్పుడు మా పూజగదిలో ఉన్నాను. ఇదిగో, వినండి."

తర్వాత మాట లేదు. కాసేపు నిశ్శబ్దం. గిన్నెలో చుక్క పడింది. ఇంకోటి.

ఎదురు తలుపు వెనక ఇంకో ఫోనులో అదే గొంతు మొదటి నుంచి మొదలైంది. ఈ చివర చుక్కలు పడుతుంటే ఆ చివర "నమస్కారమండీ" వినిపిస్తోంది. సుకన్య తట్టను నడుము మీదికి మార్చుకుని మెల్లగా దిగింది.

మొదటి అంతస్తులో విష్ణువర్ధన్ తలుపు వేసి ఉంది. లోపల కూడా సుబ్బులు మాట్లాడుతోంది. "పొడి" దగ్గర ఒకసారి ఆగింది. మళ్లీ మొదలైంది, ఈసారి ఆపకుండా చివరిదాకా. "ఇదిగో, వినండి." నిశ్శబ్దం. చుక్క.

సుకన్య తట్టను మెట్టు మీద దించి నిలబడింది.

లోపలి గదుల్లోంచి ఆయన భార్య గొంతు వినబడింది. "ఏమండీ, మనింట్లో ఎక్కడో కారుతోంది. కాస్త చూడండి."

ఫోనులో ఇంకో చుక్క పడింది. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు, తలుపు వైపు వస్తున్న చెప్పుల చప్పుడు వినబడ్డాయి. సుకన్య పక్కకు తప్పుకోలేదు.